స్కామర్ వీడియో కాల్ చేస్తే ఎలా రికార్డ్ చేయాలి? ఆ వీడియో ఎవరికి ఇవ్వాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో మన ఫోన్ కెమెరా గురించి మాట్లాడుకుందాం. ఏ ఫోన్ కొనాలి, ఎన్ని మెగాపిక్సెల్స్ అనే గొడవ ఇవాళ వద్దు. మోసం చేసేవాళ్ళని పట్టించడానికి ఇదే కెమెరాని ఎలా వాడాలి, ఎక్కడ ఆగిపోవాలి అనేది ఈరోజు టాపిక్.

కేరళలో త్రిస్సూర్ సిటీ పోలీసులు 2024 నవంబర్‌లో పెట్టిన ఒక వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకడు పోలీస్ యూనిఫాం వేసుకుని, ముంబై పోలీస్ అని చెప్పుకుంటూ వీడియో కాల్ చేస్తాడు. అవతలి మనిషిని కెమెరా ఆన్ చేయమని ఒకటే తొందర పెడతాడు. అవతలి ఆయన కెమెరా సరిగ్గా పనిచేయట్లేదని కాసేపు నాన్చి, చివరికి ఆన్ చేస్తాడు. చూస్తే అక్కడ కూర్చున్నది త్రిస్సూర్ సైబర్ సెల్‌లో పనిచేసే నిజమైన పోలీస్! ఆ దొంగ పోలీస్ మొహం అప్పుడు చూడాలి.

అందరం నవ్వుకున్నాం, షేర్ చేశాం. "మనం కూడా ఇలా రికార్డ్ చేసి పెడితే అదిరిపోతుంది కదా" అని చాలామందికి అనిపించి ఉంటుంది. రికార్డ్ చేయడం మంచిదే. కానీ ఆ వీడియోలో కనపడని విషయం ఒకటుంది. ఆ కెమెరా వెనకాల సైబర్ సెల్ మొత్తం ఉంది. నంబర్ ఎవరిదో వాళ్ళు తీయగలరు, బ్యాంకుని అడగగలరు. మన కెమెరా వెనకాల మనం ఒక్కళ్ళమే ఉంటాం. కాబట్టి మనం తీసిన వీడియో వాళ్ళ చేతికి వెళ్ళాలి, వెళ్ళాక పనికి రావాలి. వాడి పరువు పోయినంత మాత్రాన ఎవరి డబ్బూ వెనక్కి రాదు. డబ్బు ఏ దారిలో వెళ్ళిందో తెలిస్తే వచ్చే అవకాశం ఉంటుంది.

ముందు కెమెరా ఎవరి చేతిలో ఉందో చూడండి

డిజిటల్ అరెస్ట్ అనే మోసం మీకు తెలిసిందే. మీ పేరు మీద పార్శిల్ వచ్చింది, అందులో డ్రగ్స్ ఉన్నాయి, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగింది అని మొదలుపెడతారు. తర్వాత వాట్సాప్‌లో వీడియో కాల్. వెనకాల జెండా, అశోక చక్రం, బల్ల మీద ఫైళ్ళు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో దీని గురించే మాట్లాడారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని చెప్పారు.

ఆ కాల్‌లో వాళ్ళు పెట్టే రూల్స్ గమనించారా? కెమెరా ఆఫ్ చేయొద్దు. గదిలోంచి బయటికి వెళ్ళొద్దు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. అంటే మన కెమెరాని మన మీదే కాపలా పెడుతున్నారన్నమాట. గంటల తరబడి వాడు మనల్ని చూస్తూ ఉంటాడు, మనం భయపడుతూ ఉంటాం.

ఇంట్లో ఇంకో మనిషి వచ్చి, ఇంకో ఫోన్ తీసి ఆ స్క్రీన్‌ని రికార్డ్ చేయడం మొదలుపెట్టగానే లెక్క మారిపోతుంది. గదిలో ఒక సాక్షి ఉన్నాడు. "ఎవరికీ చెప్పొద్దు" అనే రూల్ పోయింది. నిజం చెప్పాలంటే, రికార్డింగ్ వల్ల వచ్చే మొదటి లాభం ఇదే. ఆ తర్వాతే సాక్ష్యం, కేసు అన్నీ.

ఒక్క షరతు. ఫోన్ పట్టుకున్న మనిషి వణుకుతూ ఉంటే, అప్పటికే డబ్బు పంపే దాకా వెళ్ళి ఉంటే, రికార్డింగ్ సంగతి మర్చిపోండి. కాల్ కట్ చేసేయండి. వీడియో కోసమని ఒక్క నిమిషం కూడా ఎక్కువసేపు లైన్‌లో ఉండక్కర్లేదు.

రెండో ఫోన్ ఎందుకు?

"అన్నా, స్క్రీన్ రికార్డర్ ఉంది కదా, రెండో ఫోన్ ఎందుకు?" అని అడుగుతారు. ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా వెళ్దాం.

ఆండ్రాయిడ్‌లో ప్రతి శబ్దానికీ ఒక కేటగిరీ ఉంటుంది. పాట అయితే మీడియా, గేమ్ అయితే గేమ్, కాల్ అయితే వాయిస్ కమ్యూనికేషన్. స్క్రీన్ రికార్డర్ ఫోన్ లోపలి శబ్దాన్ని తీసుకునేటప్పుడు మీడియా, గేమ్ లాంటివాటినే తీసుకోగలదు, కాల్ గొంతుని ఇవ్వరు. ఇది మన ప్రైవసీ కోసం పెట్టిన రూలే. సరే, మైక్ ఆన్ చేద్దాం అంటే, కాల్ నడుస్తున్నప్పుడు మైక్ ఆ కాల్ యాప్ చేతిలో ఉంటుంది, రికార్డర్‌కి నిశ్శబ్దమే మిగులుతుంది. కొన్ని ఫోన్లలో పనిచేస్తుంది, చాలా ఫోన్లలో పనిచేయదు. అరగంట రికార్డ్ చేసి చూస్తే వాడి పెదాలు కదులుతుంటాయి, మాట ఉండదు. ఏం ఉపయోగం?

మామూలు కాల్స్‌కి కూడా ఇదే తలనొప్పి. థర్డ్ పార్టీ కాల్ రికార్డర్ యాప్స్ వాడుకునే యాక్సెసిబిలిటీ దారిని గూగుల్ 2022 మే 11 నుంచి ప్లే స్టోర్‌లో మూసేసింది. గూగుల్ ఫోన్ యాప్‌లో ఉండే రికార్డింగ్ నొక్కితే, కాల్ రికార్డ్ అవుతోందని అవతలివాడికి వినపడేలా చెప్తుంది. ఐఫోన్‌లో 2024 అక్టోబర్‌లో వచ్చిన ఐఓఎస్ 18.1 రికార్డింగ్ కూడా అంతే, ముందే చెప్పేస్తుంది. విన్నవాడు ఇంకా లైన్‌లో ఉంటాడా?

అందుకే సింపుల్ పద్ధతి. కాల్ స్పీకర్‌లో పెట్టండి. రెండో ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని మొదటి ఫోన్ స్క్రీన్‌ని తీయండి. రెండో ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే మధ్యలో వేరే కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోదు. బ్యాంక్ యాప్స్ చాలావాటిలో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది కదా, ఆ సమస్య కూడా ఇందులో ఉండదు.

ఏం కనపడాలి?

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక బగ్ రిపోర్ట్ వస్తే ముందు చూసేది లాగ్. "యాప్ పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఎప్పుడు, ఏ స్క్రీన్‌లో, ఏం నొక్కితే, ఏం వచ్చింది అని ఉండాలి. ఈ వీడియో కూడా ఒక లాగే అనుకోండి.

మొదట కాల్ వచ్చిన నంబర్ పూర్తిగా, దేశం కోడ్‌తో సహా కనపడాలి. తర్వాత తేదీ, టైమ్. వాడు చెప్పిన పేరు, ఏ డిపార్ట్‌మెంట్ అన్నాడో. వాడు పంపిన దొంగ వారెంట్, దొంగ ఐడీ కార్డు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు ఎక్కడికి పంపమన్నాడో అది. అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, యూపీఐ ఐడీ, క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చే పేరు. ఆ నంబర్ని వాడి నోటితోనే మళ్ళీ చెప్పించండి. "సార్, సరిగ్గా వినపడలేదు, ఇంకోసారి చెప్పండి" అంటే చాలు.

ఆ మధ్య ఒక తమ్ముడు నాకు ఒక క్లిప్ పంపించాడు. దొంగ ఆఫీసర్‌తో పదకొండు నిమిషాలు ఆడుకున్నాడు, పంచ్‌లు బాగా వేశాడు. కానీ అప్‌లోడ్ చేసే ముందు ఏవో గైడ్‌లైన్స్ అడ్డొస్తాయని వాడి యూపీఐ ఐడీని బ్లర్ చేశాడు. నంబర్ బ్లర్ చేశాడు. వాడి మొహం మాత్రం ఫుల్ క్లారిటీ. పైగా బల్ల మీద ఈ తమ్ముడి ఆధార్ కార్డు జిరాక్స్, జూమ్ చేస్తే నంబర్ చదవచ్చు! "ఒరిజినల్ ఉందా తమ్ముడూ" అంటే, స్టోరేజ్ నిండిపోయిందని డిలీట్ చేశాడంట. పోలీసులకి పనికొచ్చేవన్నీ పోయాయి, దొంగకి పనికొచ్చేది మిగిలింది.

ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు

రికార్డ్ చేశారు. ఇప్పుడు చాలామంది చేసే పని, వెంటనే వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూప్‌కి పంపడం. మామూలుగా వీడియో పంపితే వాట్సాప్ సైజు తగ్గిస్తుంది. చూడటానికి తేడా తెలియకపోవచ్చు, కానీ అది వేరే ఫైల్ అయిపోయినట్టే.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ప్రతి ఫైల్‌కీ హ్యాష్ అని ఒకటి లెక్కకట్టొచ్చు. ఫైల్‌కి వేలిముద్ర అనుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో చూస్తే, రెండు జీబీ వీడియోలో ఒక్క బిట్ మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఈ హ్యాష్ రాయాలి. మీరు ట్రిమ్ చేసి, మ్యూజిక్ పెట్టి, సబ్‌టైటిల్స్ వేస్తే అది కంటెంట్ అవుతుంది. ఎడిట్ చేయని ఫైల్ మీ దగ్గర లేకపోతే సాక్ష్యంగా దాన్ని నిలబెట్టడం కష్టం.

ఇంకో విషయం. ఇదే సర్టిఫికెట్ గురించి 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. వీడియో మొదట రికార్డ్ అయిన ఫోన్‌నే దాని ఓనర్ కోర్టుకి తెచ్చి, ఇది నాదే అని సాక్ష్యం చెప్తే సర్టిఫికెట్ అక్కర్లేదని. అప్పట్లో పాత చట్టం ఉన్నా, మనకి అందులో పాఠం క్లియర్. ఒరిజినల్ ఫైల్‌ని అదే ఫోన్‌లో ఉంచండి. ఫార్మాట్ కొట్టొద్దు, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయొద్దు. కాపీ కావాలంటే పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి. వాట్సాప్‌లో తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి.

"వాడికి చెప్పకుండా రికార్డ్ చేయడం తప్పు కాదా?" మంచి ప్రశ్న. 1972లోనే ఇలాంటిది సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆర్.ఎం. మల్కాని కేసు. లంచం బేరం ఫోన్‌లో జరుగుతుంటే, మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరి ఒప్పుకోలుతో పోలీసులు టేప్ చేశారు. కోర్టు ఆ టేప్‌ని సాక్ష్యంగా తీసుకుంది. మనతో వాడు మాట్లాడుతున్న కాల్‌ని మనం రికార్డ్ చేసుకుని పోలీసులకి ఇవ్వడం ఒకటి. వేరే ఇద్దరు మాట్లాడుకునేది దొంగచాటుగా రికార్డ్ చేయడం పూర్తిగా వేరు. రెండోది చేయకండి.

ఎవరికి ఇవ్వాలి?

డబ్బు పోయి ఉంటే ముందు 1930కి ఫోన్. వీడియో కాపీలు, ఫోల్డర్ సర్దుకోవడం అన్నీ తర్వాత. ఎందుకంటే ఆ డబ్బు ఒక అకౌంట్‌లో ఆగి ఉండదు. అక్కడి నుంచి ఇంకో అకౌంట్, అక్కడి నుంచి ఇంకొన్ని. వీటిని మ్యూల్ అకౌంట్స్ అంటారు, అంటే వేరేవాళ్ళ పేరు మీద ఉండి దొంగలు వాడుకునే అకౌంట్లు. 1930కి వివరాలు చెప్తే, ఆ డబ్బు ఎక్కడిదాకా వెళ్ళిందో బ్యాంకులతో మాట్లాడి, ఇంకా విత్‌డ్రా కాని మొత్తాన్ని ఆపడానికి ప్రయత్నిస్తారు. ఎంత త్వరగా చెప్తే అంత మిగిలే అవకాశం. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో కంప్లైంట్, అక్కడ మీ ఆధారాలు ఇవ్వండి.

డబ్బు పోలేదు, కాల్ మాత్రమే వచ్చింది అంటే, టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీలో చక్షు అని ఉంది, 2024 మార్చిలో పెట్టారు. అక్కడ నంబర్, స్క్రీన్‌షాట్ ఇవ్వొచ్చు.

ఇక్కడే కాలేజీ వాళ్ళకి ఒక మాట. "నీ అకౌంట్ కొన్ని రోజులు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా అడిగితే, ఆ గొలుసులో మొదటి లింక్ మీరే అవుతారు. పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

కెమెరాకి కనపడని మోసం

కెమెరాలో అంతా కనపడుతుందని అనుకోవద్దు. మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2020 సెప్టెంబర్‌లో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ వాళ్ళు కలిసి తెలంగాణ, ఆంధ్రలో కొన్ని పెట్రోల్ బంకులని పట్టుకున్నారు. మెషీన్ లోపల చిప్ పెట్టారు. డిస్‌ప్లేలో లీటర్ అని చూపిస్తుంది, బండిలో పడేది తక్కువ. మనం డిస్‌ప్లేని ఎంత క్లియర్‌గా వీడియో తీసినా అందులో అంతా కరెక్ట్‌గానే కనపడుతుంది.

అక్కడ ఏం చేయాలి? బంకులో 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది, కస్టమర్ అడిగితే దాంతో కొలిచి చూపించాలి. కొలిపించండి, అది రికార్డ్ చేయండి. మీటర్ సున్నా దగ్గర మొదలుపెట్టి పాత్ర నిండే దాకా ఒకే షాట్, మధ్యలో కట్ లేకుండా. బంకు కుర్రాడి మొహం మీద కెమెరా పెట్టి అరిస్తే ఏమీ తేలదు. చిప్ పెట్టింది అతను కాకపోవచ్చు కూడా.

మొహం వైరల్ చేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు సీరియస్ పాయింట్. 2018 జూలైలో హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కర్ణాటకలో బీదర్ జిల్లాకి వెళ్ళారు. అక్కడ స్కూల్ పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. అప్పటికే వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళు తిరుగుతున్నారని పుకార్లు. వీళ్ళే వాళ్ళు అని ఎవరో వీడియో పంపారు. వీళ్ళ కారు కంటే ముందే ఆ వీడియో పక్క ఊరికి చేరింది. అక్కడ రోడ్డు అడ్డం పెట్టి కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చనిపోయాడు. ఆ వీడియో పంపినవాళ్ళు కూడా మోసగాళ్ళని పట్టిస్తున్నాం అనే అనుకుని ఉంటారు.

వీడియో కాల్‌లో కనపడే మొహం గురించి కూడా ఇదే అనుమానం ఉండాలి. డీపీలో నిజమైన పోలీస్ ఆఫీసర్ల ఫొటోలు పెట్టుకుంటున్నారు. మొహాన్నే మార్చే టూల్స్ వచ్చేశాయి. అది నిజంగా వాడి మొహమే అనుకున్నా, ఇంకో సంగతి ఉంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాని బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని నమ్మించి మన కుర్రాళ్ళని కంబోడియా పంపించారు. అక్కడ వాళ్ళని బంధించి, కొట్టి, సైబర్ మోసాలు చేయించారు. అదే నెలలో అక్కడున్న భారతీయులు తిరగబడ్డారు. ఆ దృశ్యాలు ఫోన్ల ద్వారానే బయటికి వచ్చాయి, మన ఎంబసీ కొందరిని విడిపించింది.

ఆలోచించండి. మనకి కాల్ చేసి తెలుగులో మాట్లాడేవాడు శ్రీకాకుళం నుంచి ఉద్యోగం కోసం వెళ్ళి ఇరుక్కుపోయిన అబ్బాయి కావచ్చు. వాడి మొహం మనం వైరల్ చేస్తే, వాణ్ణి కూర్చోబెట్టిన బాస్‌కి ఏమీ కాదు. ఊళ్ళో వాడి అమ్మానాన్న తలెత్తుకోలేరు. ఆ మొహం ఎవరిదో, అక్కడికి ఎలా వచ్చాడో తేల్చడం దర్యాప్తు చేసేవాళ్ళ పని. వాళ్ళ దగ్గరికి ఆ వీడియో చేర్చడం మన పని.

హీరోలు అవ్వాల్సిన పనిలేదు

జిమ్ బ్రౌనింగ్ వీడియోలు చూసి ఇన్‌స్పైర్ అయ్యేవాళ్ళు ఉంటారు. బ్రిటన్ యూట్యూబర్, అది అసలు పేరు కాదు. గురుగ్రామ్‌లోని ఒక స్కామ్ కాల్ సెంటర్ సీసీటీవీలోకే వెళ్ళిపోయాడు. ఆ ఫుటేజ్‌తో 2020 మార్చిలో బీబీసీ పనోరమా కార్యక్రమం వచ్చింది, తర్వాత పోలీసులు రెయిడ్ చేశారు. గొప్ప పనే. కానీ వేరేవాళ్ళ సిస్టమ్‌లోకి పర్మిషన్ లేకుండా వెళ్ళడం మన ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం. దొంగ సిస్టమ్ అయినా సరే, మనం ట్రై చేయకూడదు.

ఇంకో ట్విస్ట్. 2021 జూలైలో అదే జిమ్ బ్రౌనింగ్‌ని ఎవరో యూట్యూబ్ సపోర్ట్ అని నమ్మించి, తన ఛానెల్ తనే డిలీట్ చేసుకునేలా చేశారు. తర్వాత ఛానెల్ వెనక్కి వచ్చింది, ఎలా మోసపోయాడో ఆయనే చెప్పాడు. రోజూ స్కామర్లతోనే ఉండే మనిషికే అలా అయిందంటే, "నన్ను ఎవడూ మోసం చేయలేడు" అనే మాట ఎవరూ అనకూడదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇంట్లో నాన్నో, పిన్నో, పక్కింటి అంకులో మోసపోయినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట, "అంత తెలివి లేదా?" ఆ మాట భయంతోనే చాలామంది రెండు రోజుల దాకా ఇంట్లో చెప్పరు. ఆ రెండు రోజుల్లో డబ్బు అకౌంట్లన్నీ దాటిపోతుంది. కొందరైతే ఏడుస్తున్న పెద్దవాళ్ళనే వీడియో తీసి అవేర్‌నెస్ అని పెడుతున్నారు. దయచేసి వద్దు. దొంగ వైపు తిప్పాల్సిన కెమెరా అది.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో వాళ్ళతో కూర్చుని ఒకసారి ప్రాక్టీస్ చేయండి. మీరు వేరే గదిలోంచి అమ్మకి వీడియో కాల్ చేసి దొంగ ఆఫీసర్‌లా మాట్లాడండి, తమ్ముడో చెల్లో రెండో ఫోన్‌తో తీయాలి. నవ్వుకుంటూనే నేర్చేసుకుంటారు. అందరి ఫోన్లలో 1930 సేవ్ చేయండి. అమ్మకి ఈ మాట కూడా చెప్పండి: "ఎంత పోయినా పర్లేదమ్మా, ముందు నాకు చెప్పు, నేను తిట్టను."

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. జాగ్రత్తగా ఉండండి, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.